పద్దెనిమిదో రోజున పెట్టిన పేరు

దయ్యాల మీద నా నమ్మకమూ, హెచ్1బి వీసా లాటరీ మీద నా నమ్మకమూ ఒకటే: సున్నా. అయినా మార్చిలో ఒక ఆదివారం, మేముండే పిస్కాటవే నుంచి రూమ్మేట్లతో కలిసి క్వీన్స్‌లో ఉన్న ఒక యూదు గురువు సమాధికి వెళ్లాను. లాటరీ కోసం వాళ్లు అప్పటికే మూడు గుళ్లు, ఒక దర్గా కవర్ చేశారు.

నేను వెళ్లింది మా అక్క కొడుకు కోసం. అమెరికా పడమటి వైపున ఉన్న చాండ్లర్‌లో నెలలు నిండకుండా పుట్టాడు. పద్దెనిమిది రోజులుగా ఇంక్యుబేటర్‌లోనే ఉన్నాడు. "నమ్మకపోతే మానె, పోయి మొక్కి రారా" అంది అక్క.

అక్కడి పద్ధతి ప్రకారం కోరికను కాగితం మీద రాయాలి. ఎవరి కోసమో వాళ్ల పేరు, వాళ్ల తల్లి పేరు ఉండాలి. సమాధి దగ్గర మనసులో చదువుకుని, చింపి, ముక్కలు సమాధి చుట్టూ ఉన్న గోడ లోపల వేయాలి. రూమ్మేట్ హర్ష అలవాటు కొద్దీ ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా రాశాడు.

"ఒరేయ్, ఇది పాస్‌పోర్ట్ అప్లికేషన్ కాదురా."

"ముందు నీది చూసుకో. ఇంకా పెన్ను మూతే తియ్యలేదు నువ్వు."

నిజమే. మా ఇళ్లలో ఇరవై ఒకటో రోజు దాకా పేరు పెట్టరు. ఖాళీ వదిలితే ఎవరి కోసమో తెలియదేమోనని భయం వేసింది. భయం వేస్తే నాకు జోకులే వస్తాయి. 'పానకాలు' అని రాశాను. మా వంశంలో ఆ పేరు ఎవరికీ లేదు. మాది నిజామాబాద్, ఆ పేరున్న దేవుడుండే మంగళగిరి ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. కింద అక్క పేరు రాసి, ఎవరికీ చూపించకుండా చింపి వేశాను.

వ్యాన్ ఎక్కాక ఫోన్ మోగింది.

"బాబు పోయిండ్రా" అంది అక్క.

కాగితాల్లో రాయడానికి హాస్పిటల్ వాళ్లు పేరు అడిగారట.

"నేనే చెప్పిన. పానకాలు అని. ఎందుకో తెల్వదురా, నోట్లకెళ్లి గదే వచ్చింది. మీ బావ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు."

తర్వాత ఆ హాస్పిటల్ కాగితం చూశాను. పేరు రాసిన టైమ్ వాళ్లకు ఒంటిగంట నలభై, మాకు నాలుగు నలభై. అప్పటికి నేను చింపేసి అరగంట. ఆ మధ్యలో నేను ఎవరికీ ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టలేదు. యాదృచ్ఛికం అని సరిపెట్టుకుందామని చూశాను. కుదరలేదు.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కకు చెప్పలేదు. కొడుక్కి తను చేయగలిగింది ఆ పేరు పెట్టడం ఒక్కటే. అందులో నాకు వాటా వద్దు.