తలుపు లేని తూము

నేను గుడివాడలో ఎకనామిక్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. నా పాత స్టూడెంట్ సుజాత కోడూరు అవతల వరి పండిస్తోంది. ఒక్కసారి వచ్చి మా చేలు చూడమని ఫోన్ చేస్తే, కార్తీకంలో ఒక ఆదివారం బయలుదేరాను.

ఉదయం ఏడింటికి రైల్లో బందరు వెళ్లి, బస్టాండులో ఇడ్లీ తిని, అవనిగడ్డలో బస్సు మారి కోడూరు చేరేసరికి పదిన్నర దాటింది. బస్సులో పక్కసీటు పెద్దాయన నేను ఎవరింటికి వెళ్తున్నానో కనుక్కుని, "ఆవిడ చేను రోడ్డుకి ఏ పక్కనండీ?" అని అడిగాడు. ఎందుకడిగాడో అర్థం కాలేదు.

సుజాత బండి మీద చేను దగ్గరికి తీసుకెళ్లింది. రోడ్డుకు కుడివైపు వెన్నులు బరువుకు వంగి ఉన్నాయి. ఎడమవైపు, సుజాతవాళ్ల చేలో, తెల్లగా, నిటారుగా నిలబడ్డాయి. ఒక వెన్ను నలిపాను. గింజ లేదు, పొట్టు రాలింది.

రెండు వైపులా ఒకే విత్తనమట. కుడివైపు మురుగునీరు సముద్రానికి పోయే తూముకు ప్రభుత్వం కొత్త తలుపు బిగించింది. ఎడమవైపు తూము తలుపు తుప్పుపట్టి ఊడిపోయి మూడేళ్లయింది. సముద్రం పోటు వచ్చినప్పుడల్లా అడ్డు లేక ఉప్పునీళ్లు చేలోకి ఎక్కుతున్నాయి. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ రాలేదని చెప్పింది.

"ప్రభుత్వం పక్కకి తప్పుకుంటే చాలు, జనం వాళ్లంతట వాళ్లే బాగుపడతారని చెప్పేవారు కదండీ మాస్టారూ. ఇక్కడ తప్పుకునే ఉందండీ."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే తల ఎత్తలేకపోయాను.

పన్నెండింటికి పోటు మొదలైంది. ఇరవై మంది ఆడా మగా ఇసుక మూటలతో తూములోకి దిగారు. నేనూ ప్యాంటు మడిచి గట్టు మీద మూటలు అందించాను. గంటసేపు నీళ్లు ఆగాయి. ఉన్నట్టుండి నాలుగు మూటలు జారాయి. నురగ కక్కుతూ నీళ్లు, మాతోపాటు మూటలు మోస్తున్న నాంచారయ్యగారి చేలోకి దూకాయి. ఎడమవైపు అప్పటిదాకా పచ్చగా మిగిలిన మడి అదొక్కటే. ఆయన గట్టు మీద కూర్చుని నీళ్లవైపు చూస్తూ ఉండిపోయాడు.

రెండున్నరకి సుజాత చేపల పులుసుతో అన్నం పెట్టింది. బియ్యం మీ చేలోవేనా అని పొరపాటున అడిగాను.

"కొన్నవండీ. మూడేళ్లయింది మావి తిని."

నాలుగింటి బస్సెక్కి, బందరులో ఆరున్నర రైలు అందుకున్నాను. గోతాలు రాసుకుని అరచేతులు మండుతున్నాయి. ఆ ఊళ్లో కష్టపడనివాళ్లు నాకు కనపడలేదు. అయినా ఎంత కష్టపడ్డా సముద్రానికి అడ్డంగా ఎవరి తలుపు వాళ్లు కట్టుకోలేరు. ఇంత చిన్న సంగతి నేను ఒక్క క్లాసులోనూ చెప్పలేదు.