పడిపోయే కుర్చీల యజమాని

ఫోను కెమెరా తన వైపు తిరిగితే చాలు, మా కుర్చీల కార్ఖానా యజమాని చేతిలో పని పాడైపోతుంది.

ఈ రోజుల్లో యజమానులంతా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని సోషల్ మీడియాలో తమ సరుకు గొప్ప తామే చెప్పుకుంటున్నారు. మా ఆయన మాత్రం తన చేతగానితనాన్ని వారానికి మూడుసార్లు లోకానికి చూపిస్తాడు. పక్కన నిలబడి పెద్దమేస్త్రి కడిగేస్తాడు.

“ఏమయ్యా, అది కుర్చీయా, కుంటి మేకా?”

“కూర్చోవచ్చేమో మేస్త్రీ...”

“కూర్చో మరి! లేపడానికి నలుగుర్ని పిలుస్తా.”

కూర్చునేవాడు. కుర్చీతో సహా పడేవాడు. ఒకసారి జిగురు పూస్తూ చొక్కా చెయ్యి బల్లకి అంటించుకున్నాడు.

“కత్తెర తేనా?”

“వద్దు మేస్త్రీ, కొత్త చొక్కా.”

“అయితే బల్లని కూడా ఇంటికి తీసుకుపో.”

ఆ వీడియో లక్షమంది చూశారు. తర్వాత ఒకావిడ వచ్చి, “వీటిని ఆ తిట్టే ఆయన చూశారా?” అని అడిగింది. చూశారనగానే ఆరు కుర్చీలు కొంది.

పాలిష్ పట్టే నాకు ఒకటే సందేహం. పదేళ్ల వయసు నుంచి ఈ మేస్త్రి దగ్గరే పని నేర్చుకున్న మనిషి ఇలా ఎలా తయారయ్యాడు?

వీడియోలకు ముందే మేస్త్రి చేతులు వణకడం మొదలైంది. ఆఫీసు చూసుకునే యజమాని కూతురు, “ఉలి పట్టలేని మనిషిని ఎన్నాళ్లు ఉంచుతాం నాన్నా? నెలాఖరుకి పంపించేద్దాం” అంది. మర్నాడు ఆయన ఫోను స్టాండు కొనుక్కొచ్చాడు. జవాబు తప్పించుకున్నాడనుకున్నాను. ఇప్పుడా అమ్మాయే, “మేస్త్రిగారూ, మీరు సెలవు పెట్టకండి” అంటోంది.

మొన్న భోజనం వేళ, పాలిష్ డబ్బాకి మూత పెట్టలేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. యజమాని ఒక్కడే ఉలితో చెక్కకి బెజ్జం తొలుస్తున్నాడు. ఫోను లేదు. కుర్చీ కాలు బిగించాడు. అతుకు దగ్గర గోరు దూరేంత సందు కూడా లేదు.

“ఇదేంటండీ!”

“నెమ్మదిగా! తిట్టడానికి చేతులతో పనేముంది? ఆయన్ని ఇంట్లో కూర్చోబెడితే బెంగ పెట్టుకుంటాడు.”

అప్పటికే మేస్త్రి గుమ్మంలో ఉన్నాడు. వచ్చి అతుకు మీద బొటనవేలు నిదానంగా పోనిచ్చాడు. యజమాని తలదించుకున్నాడు.

“ఎప్పట్నుంచి తెలుసు మేస్త్రీ?”

“మొదటిరోజే. అంత కచ్చితంగా తప్పు చెయ్యాలంటే పని బాగా వచ్చి ఉండాలి.”

ఓ గుడ్డ తెచ్చి కుర్చీ మీద కప్పాడు.

“అమ్మాయి కంట పడితే ఇద్దరి పనీ అయిపోతుంది. రేపు ఏం పాడు చేస్తావో ముందే చెప్పు. తిట్లు ఆలోచించుకోవాలి.”