ముఖం లేని ముఖచిత్రం

2022. డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో పాత కాగితాలు బాగుచేసే చిన్న స్టూడియో నాది. ఈ పనిని పేపర్ కన్జర్వేషన్ అంటారు. చిరిగిన పటాలు, తడిసిన ఉత్తరాలు, పురుగు తిన్న పుస్తకాలు మా దగ్గరికి వస్తాయి. అప్పటికి పన్నెండేళ్లుగా చేస్తున్నాను, నా చేతిమీద నాకు నమ్మకం.

ఒకరోజు దూరాన పడమటి తీరంలోని స్లైగో నుంచి నోరా అనే రిటైర్డ్ టీచరు ఒక డిటెక్టివ్ పత్రిక తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో న్యూయార్క్‌లో అచ్చయింది. అట్టమీద ఫ్యాక్టరీ దుస్తుల్లో టార్చి పట్టుకున్న ఒక అమ్మాయి, వెనక గోడమీద గూఢచారి నీడ. అమ్మాయి ముఖం మీద మాత్రం ఎవరో గోధుమరంగు కాగితం అతికించారు.

"అప్పట్లో మా అమ్మ బ్రిడీ న్యూయార్క్‌లో ఒక హోటల్లో పనిచేసేది. ఈ బొమ్మకి మోడల్‌గా నిలబడింది తనేనంటుంది. పెళ్లయ్యాక నాన్న పరువు తక్కువని ఇది అంటించేశాడు. మేమెవరమూ అమ్మని నమ్మలేదు. ఇప్పుడామెకి తొంభై ఎనిమిది. ఆ ముఖం చూడాలనుంది నాకు."

"నెల్లాళ్లలో ఇస్తాను," అన్నాను.

లోపలి పేజీలు పల్ప్, అంటే చవక చెక్కగుజ్జు కాగితం. అట్ట మాత్రం నున్నటి పూత ఉన్న కోటెడ్ పేపర్. తడి ఎక్కువైతే పూతతోపాటు రంగూ ఊడొస్తుంది. అందుకే తేమ పట్టిన జెల్ ముక్కలు పెట్టి, గోరంత మేర చొప్పున జిగురు నానబెట్టాను. మూడు వారాలకు పైన అతికించిన కాగితం శుభ్రంగా వచ్చేసింది.

కింద ముఖం లేదు. ఎవరో ముందే బ్లేడుతో గీకేశారు.

కబురు విని వచ్చిన నోరా వంగి ఆ గీకిన చోటు చూశారు. తర్వాత తల్లి పాత ఫొటో బల్లమీద పెట్టారు.

"ఇది చూసి ముఖం వేసేయండి, సునీతా. అమ్మకి చూపు సరిగా ఆనదు."

"వేయగలను. కానీ వేయను. ఆమె చెప్పింది అబద్ధమని ఇన్నాళ్లూ అన్నారు. నేను వేసే ముఖం నిజంగానే అబద్ధమవుతుంది."

"మరి అమ్మకేం చూపించను?"

"ఉన్నది ఉన్నట్టు. నేనూ వస్తాను."

ఆ శనివారం స్లైగో నర్సింగ్ హోంలో బ్రిడీ భూతద్దం పెట్టుకుని అట్ట చూశారు. ఖాళీగా ఉన్న చోటు దగ్గర ఆగనే లేదు. టార్చి పట్టుకున్న అమ్మాయి చేతి పక్కన తన ఎడమచెయ్యి ఆనించారు. రెండు చిటికెనవేళ్లూ ఒకేలా బయటికి వంగి ఉన్నాయి.

"చిన్నప్పుడు గేటులో పడి విరిగింది. సరిచేసి వెయ్యనా అని బొమ్మలాయన అడిగాడు. నా వేలు నాకు బానే ఉందన్నాను," అన్నారామె.

నోరా ఆ వేలు పట్టుకుని ఏడ్చేశారు. "నమ్మలేదమ్మా నిన్ను."

"గ్రాండ్, గ్రాండ్," అన్నారు తల్లి, పర్లేదులే అనడానికి ఇక్కడివాళ్లు వాడే మాటతో. "ముందు ఈ అమ్మాయికి టీ తెప్పించు. అంత దూరం నుంచి వచ్చింది."

బొమ్మలోని ఆ చెయ్యి మూడు వారాలు నా దీపం కిందే ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు. నా కన్ను పాడైన చోటికే పరుగెత్తింది. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా, చెడిన భాగాన్ని ముట్టుకునే ముందు చెడకుండా మిగిలినదాన్ని నిదానంగా చూసి రాసుకుంటాను.