పెట్టెలకు ఆయుష్షు లెక్కగట్టిన సుజిత

పీలమేడులోని ఒక చిన్న కంపెనీలో సుజిత చేసే పని, పెట్టెలకు ఆయుష్షు లెక్కగట్టడం. అరటి తోటల్లో నేల తడిని కొలిచే పెట్టెలవి. ఒక్కోదానిలో ఒక బ్యాటరీ, కొంచెం సాఫ్ట్‌వేర్. దూరంగా ఉన్న పెట్టె తన కబురు పక్కదానికి ఇస్తే, అది తన పక్కదానికి అందిస్తుంది. అలా చేతులు మారి కబురు మోటారు షెడ్డుకు చేరాకే ఏ వైపు నీళ్లు వదలాలో తేలుతుంది. ఆ బ్యాటరీలు ఎన్నాళ్లు వస్తాయో చెప్పాల్సింది సుజిత. ఒక పెట్టెను బల్ల మీద పెట్టి, మీటరు తగిలించి చూసి, రెండేళ్లని చెప్పింది.

అవినాశి దాటాక ఉన్న మీనాంబాళ్ అనే పెద్దావిడ తోటలో ఏడాది తిరక్కుండానే కొన్ని పెట్టెలు మూగబోయాయి. నీళ్లందక ఒక వైపు అరటి చెట్లు గెల వేసే వేళకు వాడిపోయాయి. సుజిత వెళ్లేసరికి ఆవిడ ఎండిన ఆకులు కోస్తూ ఉంది. కోప్పడలేదు.

“ఏం అమ్మణీ, నీ మాట నమ్మి నేను ఈ పక్క వొచ్చేదే మానుకొంటిని,” అంది.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సుజితకు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ తోటకు బస్సెక్కిందో ఆమెకే గుర్తు లేదు. నడుం నొప్పితో గట్టు మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఒక్కో పెట్టె చేసిన పనంతా చదివింది. చచ్చినవన్నీ షెడ్డుకు దగ్గరివే. తోటంతటి కబుర్లూ మోసేది అవే. పైగా ఆకులు పెరిగి అడ్డం వచ్చాక, ఒకే కబురును మళ్లీ మళ్లీ పంపితే గానీ అందడం లేదు. అంతసేపూ పెట్టెలు నిద్రపోకుండా కాచుకుని ఉంటున్నాయి. బల్ల మీద ఉన్నది ఒక్క పెట్టె. అక్కడ ఆకులూ లేవు.

ఈసారి తోట మొత్తాన్నీ కలిపి లెక్కగట్టింది. ఎక్కువ మోసే పెట్టెకు ఎనిమిది నెలలు రావడమే కష్టం. మేనేజరు దొరై ఆ అంకె చూసి, అన్నిటికీ సగటు వేసి కొనేవాళ్లకు రాసిద్దామన్నాడు. ఆయనకూ పైనుంచి ఒత్తిడి ఉంది.

“సగటు బాగానే ఉంటాది సార్. ఆ ఒక్కటి పోతే మిగతావి ఉండీ లాభం లేదు. నేను రాయలేను.”

ఆమె గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. దొరై కాసేపు మెడ రుద్దుకుని, సరేనన్నాడు. చిన్న అంకె చూసి కొనబోయినవాళ్లు వెనక్కి తగ్గారు. ఆఫీసులో టీ దగ్గరికి సుజిత రాగానే మాటలు ఆగిపోయేవి.

షెడ్డు దగ్గర ఇంకొన్ని పెట్టెలు పెట్టించి, మోసే పనిని అవి వంతులవారీగా పంచుకునేలా సాఫ్ట్‌వేర్ మార్చింది. అయినా లెక్కలో రెండేళ్లు రాలేదు. బ్యాటరీ ఒక పంటకు వస్తుంది, అంతే. ఆ మాటే వెళ్లి మీనాంబాళ్‌కు చెప్పింది.

“పంటకొకసారి మార్చుకొంటే సరి,” అందావిడ. “చిక్కిపోయినావే కన్నూ. తిన్నావా?”

సుజిత తల అడ్డంగా ఊపింది. ఆవిడ తిన్నె మీద ఆకు వేసి పెరుగన్నం పెట్టింది. తింటుండగానే సుజిత కళ్లు మూతలు పడ్డాయి.