పలుపు పడ్డాక పెరిగిన ధర

డెబ్బైల్లో ఒక ఎండాకాలం చివర మా ఎద్దుల్లో ఒకటి పాముకాటుకు చచ్చిపోయింది. మిగిలిన ఒక్కదానితో నాగలి సాగదు. తొలకరికి విత్తనం పడకపోతే ఆ ఏడు మాకు తిండి లేదు. బాపుకు నడుము పట్టేసింది కనుక మంథని అవతల పశువుల అంగడికి అవ్వే బయలుదేరింది. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. నేను తోడు వెళ్లాను. కరీంనగర్‌లో చదువుకుంటూ, దేవుడి మీదా ఆచారాల మీదా సభల్లో నిప్పులు చెరుగుతున్న రోజులవి.

అవ్వ ఒక తెల్ల ఎద్దును ఎంచి, కాళ్లు తడిమి చూసి, బేరమాడి డబ్బిచ్చింది. అమ్మినాయన తన పలుపు విప్పుకున్నాడు. అవ్వ ఇంటి నుంచి తెచ్చిన కొత్త పలుపు కట్టింది. కొన్నవాళ్ల తాడు మెడలో పడితే బేరం ముగిసినట్టే.

అంతలో వాన. అప్పటిదాకా నాన్చుతున్న రైతులంతా ఎద్దుల కోసం ఎగబడ్డారు. ఒకాయన మా ఎద్దుకే ఎక్కువిస్తానన్నాడు. అది విని అమ్మినాయన మాకు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

“అక్కా, ఇంకో వంద పెట్టు. లేకుంటే నీ పైసలు నువ్వు తీస్కో. వాన పడ్డది, ధర లేసింది.”

“వాన నీ ఒక్కని మీదనే పడ్డదా తమ్మీ? నేను గూడ తడుస్తున్న గదా.”

న్యాయం, చట్టం అంటూ నేను గొంతెత్తాను.

“నువ్వు జర ఊకో బిడ్డా, గిది నీ మీటింగు గాదు” అని, అవ్వ ఆయన వైపు తిరిగింది. “పైసలు వాపస్ తీస్కుంట. కాని నా పలుపు నేనిప్ప. అందరు చూడంగ నువ్వే ఇప్పు.”

జనం మూగారు. ఎక్కువిస్తానన్న ఆయన వచ్చి ఎద్దు మెడ చూశాడు. “పలుపు పడ్డదా? ముందుగాలనే చెప్పకపోతివి! నాకద్దు, అన్నా” అని వెనుదిరిగాడు.

“ఇప్పు మామా, ఇప్పు! చేతులకు చలి పెడ్తుందా?” అన్నారెవరో.

అమ్మినాయన చెయ్యి ముడి దాకా వెళ్లి ఆగిపోయింది. అక్కడ పోలీసు లేడు. ఒట్టు వేయమని ఎవరూ అనలేదు. ధర్మపురి స్వామి చూస్తున్నాడని బెదిరించలేదు. దేవుడే లేకపోతే మనిషిని నిలిపేదేమిటని సభల్లో నన్ను నిలదీసేవారు. వానలో తడుస్తూ నిలబడ్డ ఆ మనుషుల చూపే నిలిపింది. అయినా, ఏళ్ల తర్వాత వినియోగదారుల చట్టం వచ్చినప్పుడు ఊరూరా తిరిగి దాన్ని సమర్థించాను. పట్నంలో దుకాణం ముందు కొన్నవాడు ఒంటరి. వాడి చుట్టూ మూగే అంగడి లేదు.

ఆయన చెయ్యి దించుకున్నాడు. “తోలుకపో అక్కా” అన్నాడు. నాలుగడుగులు వేశాక వెనక నుంచి మళ్లీ పిలిచాడు. “కాడికి ఎడమ దిక్కే కట్టు. కుడి దిక్కు కడితే మొరాయిస్తది.”

మరునాడు ఎడమ దిక్కే కట్టాం. నాగటి చాలు తిన్నగా సాగింది.