అత్తయ్య ఆవకాయ, నా అంటు చెయ్యి

పాడుచేయడం అనే పనికి మా అత్తగారి దగ్గర ఉన్నన్ని మాటలు డిక్షనరీలో కూడా ఉండవు. అన్నీ నా మీదే వాడి పదును పెట్టుకున్నారు. స్టవ్ మీద పాలు పొంగిస్తే రొచ్చు. కౌంటర్ మీద నూనె ఒలికిస్తే జిడ్డు. ఉప్పు చూసిన గరిటె మళ్లీ గిన్నెలో పెడితే ఎంగిలి. అన్నం తింటున్న చేత్తో పెరుగు గిన్నె ముట్టుకుంటే అంటు. నేను వంట ముగించి బయటికొచ్చాక మొత్తం వంటింటికీ కలిపి ఒకటే మాట, కంగాళీ. ఆవిడ డాక్టరు. ఇక్కడ అమెరికాలో, మా అరోరా ఊళ్లో జనాల పుళ్లూ చీమూ చూసీ చూసీ రిటైరయ్యారు. ఇంట్లో మాత్రం నా గరిటెని చూసి దడుచుకుంటారు.

ఆవకాయ దగ్గర మరీనూ. నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఏటా ఎండాకాలం మొదట్లో ఆవిణ్ణి ఇండియన్ స్టోర్‌కి డ్రైవ్ చేసి తీసుకెళ్లడం, కాయలు మోయడం, ముక్కలు పొడిగుడ్డతో తుడవడం నా వంతు. బేసిన్‌లో చెయ్యి పెట్టడం మాత్రం ఆవిడదే. "నువ్వు కలిపితే బూజు పడుతుంది" అనేవారు, బ్లడ్ రిపోర్ట్ చదివినట్టు. నవ్వేసేదాన్ని గానీ చివుక్కుమనేది. ఆ ఇంట్లో నేనింకా చుట్టపుచూపుగా వచ్చినదాన్నే అనిపించేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా చేత కలిపిస్తే చాలనుకునేదాన్ని.

పోయినేడు ఆవిడ డ్రైవ్‌వేలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. వేళ్లు మాత్రం బయటికి కనబడేలా మోచేతిదాకా కట్టు వేశారు. ఎడమచేత్తో స్పూన్ పట్టుకుని తంటాలు పడేవారు. తినిపిస్తానంటే "నేనేమన్నా పసిపిల్లనా?" అని కసిరేవారు. కట్టు విప్పేదాకా మామిడికాయలు ఆగవు కదా. ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నీ సిద్ధం చేశాక, బేసిన్ వైపు కాసేపు చూసి, "సరే, కలుపు" అన్నారు. ఆస్తి రాసిచ్చినా అంత బాధపడుండరు.

"గ్లవ్స్ వేసుకోనా అత్తయ్యా?"

"ఇదేమన్నా ఆపరేషనా? ఉంగరం తీసి, చెయ్యి పెట్టు."

పెట్టాను. చూడ్డానికి మా ఆయనా, పక్కింటి ఇంగ్లిష్ పెద్దావిడా వచ్చారు. ఆవిడది ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఏదో పల్లె. నేను ఆత్రంలో నూనె ఒంపి, మోచేతిదాకా కారం పూసుకుని, కౌంటర్ మీదా కుర్తా మీదా ఎర్రగా చిందించేశాను. అత్తగారు నోరు తెరిచారు గానీ, ఏ మాట వాడాలో తోచలేదు.

ఆ మాట పక్కింటావిడ ఇచ్చింది. ఒళ్లంతా "క్లార్ట్" చేసుకున్నావు పిల్లా అంది. బురద పూసుకొస్తే వాళ్ల అమ్మమ్మ అనే మాటట.

మా అత్తగారు కేసు దొరికినట్టు పట్టుకున్నారు. బురదకేనా, జిడ్డుకి కూడానా అని ఇంగ్లిష్‌లో ఆరా తీశారు. అంటుకునేది ఏదైనా సరే అందావిడ. మరి ఎంగిలినేమంటారని అడిగారు. ఎంగిలంటే ఏమిటో బోలెడంతసేపు వివరించాక, పక్కింటావిడ ఆలోచించి, "దాన్ని మేం షేరింగ్ అంటాం" అంది. అత్తగారి మొహం చూడాలి!

"క్లార్ట్ చేసింది చాలు, జాడీలోకి ఎత్తు" అన్నారు నాతో. ఎత్తాను. బేసిన్ అంచుల నిండా ఆవపిండీ నూనే మిగిలాయి. నేను అటు తిరిగేసరికి పక్కింటావిడ సాయం చేద్దామని బేసిన్ తీసుకెళ్లి సింక్‌లో పెట్టి, డిష్ సోప్ అందుకుంది. మా అత్తగారు కట్టు చెయ్యి ఎత్తి "స్టాప్! స్టాప్!" అంటూ పరిగెత్తారు. ఆవకాయ పెట్టిన రోజు ఆ బేసిన్‌ని కడగరు. అందులో వేడన్నం, నెయ్యి వేసి కలిపి, ఇంట్లో అందరికీ ముద్దలు పెడతారు. ఏడాదికోసారి దొరికే రుచి అది. ఆవిడేమో కడిగి పారబోయబోయింది, పాపం.

అన్నం కలిపాను. మా ఆయన చేతిలో ఓ ముద్ద, పక్కింటావిడ అరచేతిలో ఓ ముద్ద పెట్టాను. ఆవిడకి కళ్ళూ ముక్కూ కారుతున్నా రెండోది కావాలంది.

తర్వాత అత్తగారు. ఎడమచెయ్యి చాపలేరు. కుడిచెయ్యి కట్టులో ఉంది. స్పూన్ వైపు చూసి, వద్దనుకున్నారు. నేను ముద్ద పట్టుకుని నిలబడ్డాను. వద్దంటారేమోనని నిజంగా భయపడ్డాను.

"ముందు వాళ్లకి చాలేదాకా పెట్టెయ్. నాది ఆఖర్న" అన్నారు.

వాళ్లు చాలన్నాక నోరు తెరిచారు. నా వేళ్లు ఆవిడ పెదాలకి తగిలాయి. నెమ్మదిగా నమిలారు. రెండోది తిన్నారు, మూడోది తిన్నారు. బేసిన్‌లో ఇక నా ముద్ద ఒక్కటే మిగిలింది. నేను అలవాటుగా చెయ్యి కడుక్కోవడానికి సింక్ వైపు తిరిగాను.

"ఎక్కడికి? ఆ చేత్తోనే తినెయ్, చల్లారిపోతుంది."