నోటి మందు

ఆ రోజుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నా నోరంటేనే. ఇరవై మూడేళ్లవాడికి లోకంలో భయపడడానికి ఇంకేమీ దొరకనట్టు, ఎవరితో మాట్లాడాలన్నా ముందు అరచేతిలోకి ఊది వాసన చూసుకునేవాణ్ణి. మా నాయన తాగి తాగి కాలేయం చెడిపోయి పోయాడు. ఆయన పోయిన ఏడాదికి, గుమ్మఘట్ట పక్కనున్న మా ఊరి నుంచి బట్టల కంపెనీకి ఆడవాళ్లను తీసుకుపోయే బస్సుకు డ్రైవరుగా చేరాను. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ ఒక్క మాటే అనేది: "ఊదురా." ఊదితే వాసన చూసి, ఆ తర్వాతే సంగటి పెట్టేది. నాలో మా నాయన మొలకెత్తుతున్నాడేమోనని ఆమె దిగులు. (మా ఊళ్లో వాన లేకుండా మొలిచే పంట అదొక్కటే.)

పచ్చి ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కొరికి బస్సెక్కితే ముందు సీటు అక్కలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటున్నారని రాయదుర్గంలో ఒక మందుల అంగట్లో మొర పెట్టుకుంటే, అంగడాయన పచ్చరంగు సీసా ఒకటి ఇచ్చాడు. "మూతెడు పోసుకొని పుక్కిలించి ఉమ్మేయప్పా. మళ్ల నీళ్లు పోసుకోవద్దు" అన్నాడు. ఆ చివరి మాట నాకు వేదవాక్కయింది. నాలుగు రోజులకోసారి ట్యాంకరు వచ్చే ఊళ్లో, నీళ్లు అక్కరలేని శుభ్రత కంటే గొప్పదేముంటుంది? రోజుకు రెండుసార్లు వాడమంటే నేను ఆరుసార్లు వాడాను. మంటకు కళ్లలో నీళ్లు తిరిగేవి. మండితేనే మందు పనిచేసినట్టని మా వైపు నమ్మకం. నెల తిరిగేసరికి నాలుక అట్టముక్కలా ఎండిపోయింది, బుగ్గల లోపల పుండ్లు లేచాయి, వాసన మాత్రం మునుపటికంటే పెరిగింది. పెరిగింది కదా అని ఇంకో మూత పోసుకునేవాణ్ణి. తెలివికి కూడా కరువొచ్చిన ఏడాది అది.

ఒకరోజు పొద్దున కంపెనీ గేటు దగ్గర డ్రైవర్లను వరసగా నిలబెట్టి, తాగారో లేదో చెప్పే మిషనులోకి ఊదమన్నారు. నేను ధీమాగా ఊదాను. మిషను కుయ్యిమంది. సూపర్‌వైజరన్న నా ముఖం వంక చూసి, "ఏమప్పా, పొద్దుపొద్దున్నే ఏమేసుకున్నావు?" అన్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

"మందేసుకున్నానన్నా. దినామూ ఏసుకుంటా."

"ఎన్నితూర్లు?"

"ఆరుతూర్లు."

"యాడ?"

"బస్సు దిగే ముందే అన్నా, సీట్లో కూసోనే."

(నిజం చెప్పి ఇంతగా మునిగినవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.) వెనకున్న డ్రైవర్లు పకపకా నవ్వారు. ఆయన తాళాలు లాక్కున్నాక గానీ నేనేమన్నానో నాకు వెలగలేదు. పరుగున పోయి సీసా తెచ్చి చూపించాను. ఆయన దాని మీది చీటీ చదివి, నా చేత నీళ్లతో నోరు కడిగించి, అరగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదించాడు. ఈసారి మిషను కిక్కురుమనలేదు. "దీంట్లో ఆల్కహాలుండాదప్పా. చదువుకున్నోడివి, చూసుకోవా?" అని తాళాలు తిరిగిచ్చాడు.

ఉద్యోగమైతే నిలిచింది. కానీ మిషను కుయ్యిమన్న సంగతి ఫోనెక్కి నాకంటే ముందే ఇల్లు చేరింది. సాయంత్రం నేను పోయేసరికి అమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఆ రోజు ఊదమనలేదు.

"మీ నాయన తాగింది తెలీకుండ ఏలక్కాయ నమిలొస్తాండె. నువ్వు పుదీనా వాసనతో వస్తాండావు. నెల నుంచి చూస్తాండా. అడగల్లంటే భయమై ఊరికుండా" అంది.

"ఇది నోరు కడుక్కునే మందమ్మా, తాగేది కాదు" అని సీసా ఆమె ముందు పెట్టాను. నమ్మలేదు. నా మాట మీద నమ్మకం పోయింది కాబట్టి తానే పరీక్ష చేయదలచుకుని, మూతెడు నోట్లో పోసుకుంది. "ఉమ్మెయ్యమ్మా!" అని అరిచాను. గుటుక్కున మింగేసింది. నోట్లో పోసుకున్నది నేలపాలు చేయడం ఆమెకు చేతకాదు. దగ్గి దగ్గి ముఖం ఎర్రబడిపోయింది. నేను పరిగెత్తి మా వీధిలోనే ఉండే నర్సక్కను పిలుచుకొచ్చాను. ఆమె అమ్మ చేత నీళ్లు తాగించి, ఆ కాస్తకు ఏమీ కాదని చెప్పి, నన్ను నోరు తెరవమని టార్చి వేసి చూసింది.

"స్పిరిట్టు కలిసిన దాన్ని ఇన్నితూర్లు పోస్తే నోరు ఎండిపోక ఏమైతాది? ఎండిన నోరే ఎక్కువ కంపు కొడతాది. పుండ్ల మీద మళ్లీ ఇదే పోస్తివా? ఈ పొద్దుతో నిలిపేయ్. రెండు వారాల్లో మానకపోతే డాక్టరుకు చూపియ్యల్ల" అని చివాట్లు పెట్టి పోయింది.

అమ్మ ఇంకా గొంతు రుద్దుకుంటూనే ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను.

"ఇంత మంటుంటాదా రా?" అంది. "ఇంత మంటను దినామూ ఎట్ల మింగినాడ్రా ఆ మనిషి? లోపల ఏం బాధ పెట్టుకొని మింగినాడో, ఒక్కదినమన్నా అడగలేదే నేను."

నాయన పోయాక ఆయన కోసం అమ్మ ఏడవగా చూడడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు నుంచి నన్నామె అనుమానించలేదు. పుండ్లు కూడా మానాయి. ఆరుసార్లు నోరు కడుక్కున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నోటితోనే, మా నాయన బతికున్నప్పుడు వాడైనా ఒక్కసారి "ఏమైంది నాయనా?" అని అడిగి ఉండవచ్చు కదా అనుకునేసరికి, ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది.